పాత జోడీ, కొత్త జోడీ

ఆ రాత్రి భోజనంలో పప్పు నీళ్లలా ఉంది. అయినా మస్కట్ దగ్గరి అల్ హైల్ లేబర్ క్యాంపు మెస్సులో వంటవాణ్ణి తిట్టడానికి ఎవరికీ తీరిక లేదు. పోచన్న-పెద్దులు జోడీ గొప్పదా, భూమేశ్-జితేందర్ జోడీ గొప్పదా అన్నది తేలాలి. మూడు వారాలుగా తేలడం లేదు. తేలకపోయినా ఎవరి కొంపా మునగదు కాబట్టే అంత గట్టిగా వాదించుకుంటున్నారు.

"ఎనభై ఎనిమిదిల పోచన్న లిఫ్టు ఇస్తె బాలు గాలిల ఆగేది," అన్నాడు భీమన్న. అతను షట్టరింగ్ కార్పెంటరు, క్యాంపులో అందరికంటే పాత మనిషి. "ఆగి, పెద్దులు దిక్కు సూసి, రా అన్నా కొట్టు అనేది. నవ్వుతున్నవా తమ్మీ? అప్పటికి నువ్వు పాస్‌పోర్టుకు ఫొటో గూడ దిగలె."

"పెద్దులన్న మన జితేందర్ అంత ఎత్తు ఎగురుతుండెనా?" అన్నాడు ఆ నవ్విన కుర్రాడు.

"ఎగురుడెందుకు? కోతి గూడ ఎగురుతది. పెద్దులు కొడితె ఇసుకల బొంద వడ్డది. ఘలా క్యాంపోళ్లను పదిహేను-మూడు కొట్టి పంపినం."

వాలీబాల్‌లో షూటర్ కొడతాడు, జనం చప్పట్లు కొడతారు. అతను కొట్టడానికి వీలుగా నెట్టు పక్కన బంతిని వేళ్లతో లేపి పెట్టేవాడు లిఫ్టర్. అతనికి చప్పట్లు ఉండవు. నాలుగేళ్ల కింద ఈ కంపెనీకి కప్పు తెచ్చిన జోడీలో పెద్దులు షూటర్, పోచన్న లిఫ్టర్. పెద్దులు ఊరికి వెళ్లిపోయాడు. పోచన్న కుడిచేతి రెండు వేళ్లు కడ్డీలు కోసే మిషన్లో పోయాయి. ఇప్పుడతను ఇదే మెస్సులో ఉల్లిగడ్డలు కోస్తాడు. తన గురించి ఇంత వాదన జరుగుతుంటే తల కూడా ఎత్తడు.

కొత్త జోడీలో లిఫ్టర్ భూమేశ్. పళ్లెం ముందు పెట్టుకుని అన్నీ వింటున్నాడు. మనిషికి తన పేరు పదిమంది నోట వింటే ముద్ద తియ్యగానే దిగుతుంది. పోయిన వారం దాకా అతనికీ అలాగే దిగింది. ఈ సోమవారం దిగలేదు. లుంగీ మడతలో ఇంటినుంచి మాటలు నింపి పంపిన క్యాసెట్టు ఉంది. ఊరికి వెళ్లొచ్చిన మనిషెవరో మత్రాలో ఒకరికిస్తే, అది చేతులు మారి మారి మూడు వారాలకు ఇక్కడికి చేరింది.

రూములో ఆరుగురు. టేప్‌రికార్డర్ జితేందర్‌ది. అడగకుండానే అతను దాన్ని భూమేశ్ మంచం మీద పెట్టి, మిగతావాళ్లను బయటికి తీసుకుపోయాడు. వచ్చి తొమ్మిది నెలలే అయినా అతనికి ఇలాంటివి తెలుసు. భూమేశ్ దుప్పటి ముసుగేసుకుని మీట నొక్కాడు.

మొదట కత్తెర చప్పుడు. అతని భార్య సుమలత బీడీ ఆకు కోస్తూనే మాట్లాడుతోంది.

"నేను మంచిగనే ఉన్న. నువ్వేం రంది వెట్టుకోకు." కాసేపు కత్తెర ఒక్కటే నడిచింది. "నెత్తురు వోవుడు ఆగుతలేదు. జగిత్యాల డాక్టరమ్మ గర్భసంచి తీసెయ్యాలె అన్నది. జనవరి ఇరవై లోపట చేపిచ్చుకోవాల్నట. నీ మొగడు సంతకం వెట్టాలె, పక్కకు ఉండాలె అన్నది. నువ్వు రాంగనే పోదం. నువ్వు లేకుంట బల్ల మీద పండుకోవాల్నంటె నాకు భయమైతది."

అతను మూడుసార్లు విన్నాడు. మూడోసారి కత్తెర ఆగిన చోట ఆమె ముక్కు చీదినట్టు వినిపించింది. ఏడుపొచ్చింది భూమేశ్‌కి. దుప్పట్లోనే ఏడ్చి, ముఖం తుడుచుకుని, క్యాసెట్టు తీసి దిండు కింద పెట్టాడు.

రెండేళ్లకు రావాల్సిన ఛుట్టీ, ఊరికి వెళ్లే సెలవు, ఆరు నెలలుగా రావడం లేదు. ఛుట్టీ కాగితం రాయాల్సింది క్యాంపు బాస్ జహీరుద్దీన్. కోరుట్ల మనిషి. ఒకప్పుడు తను కూడా సిమెంటు మూటలు మోశానని అందరికీ చెబుతుంటాడు. మోసినవాడికి మోసేవాడి మీద దయ ఉంటుందని మనం అనుకుంటాం. ఉంటుంది కూడా. పని ఆగనంత వరకు.

బుధవారం డ్యూటీ దిగి భూమేశ్ ఆఫీసు గదికి వెళ్లాడు. జహీరుద్దీన్ వెనక ఇనుప బీరువా ఉంది. నూటపది మంది పాస్‌పోర్టులు అందులోనే ఉంటాయి.

"సాబ్, నా ఇంటిదానికి ఆపరేషన్ ఉన్నది. ఇరవై తారీఖు లోపట పోవాలె."

"అచ్ఛా. ఖైరియత్ ఉండాలె, అంత మంచిగ కావాలె." జహీరుద్దీన్ నిజంగానే బాధపడ్డాడు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "కాని భూమేశ్, ఎల్లుండి సెమీఫైనల్. పై శుక్రవారం ఫైనల్. దాని తర్వాత రంజాన్ టోర్నమెంట్. పెద్ద మేనేజరు, ముదీర్ సాబ్, పిల్లల్ని తోల్కొని వస్తున్నడు ఆట సూడనీకె. లిఫ్టర్‌ను పంపి నేను టీమును ఏం చేసుకోవాలె?"

"వేరేటోనికి నేర్పుత సాబ్."

"జోడీ ఒక్క దినంల తయారైతదా? పోచన్నకు చెయ్యి పోయినంక నీ అసొంటోడు దొరకనీకె రెండేండ్లు పట్టె." లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు బాగ ఆడుతవ్. గదే నీ కష్టం."

ఆ మాట భూమేశ్ వెంటపడింది. మర్నాడు సైటులో కడ్డీలు కడుతున్నంతసేపూ అదే మాట. వంగి, రెండు కడ్డీలు కలిసేచోట బైండింగ్ వైరు చుట్టి, హుక్కుతో రెండు తిప్పులు తిప్పి, ముందుకు జరగడం. రోజుకు వెయ్యి ముడులు. వైరు కొనలు వేళ్లలో దిగుతాయి. లిఫ్టర్‌కి వేలి కొసలే అన్నం పెడతాయి కాబట్టి అతను ప్రతి రాత్రి కొబ్బరినూనె రాసి వాటిని మెత్తబరుచుకుంటాడు. బాగా ఆడడమే కష్టమైతే, బాగా ఆడకపోతే సరి. పనికిరాని లిఫ్టర్‌ని ఎవడు పట్టుకుని వేలాడతాడు? పోరా అంటారు. వెళ్లొచ్చు. సాయంత్రానికి అది అతనికి చాలా సులువైన ఉపాయంలా కనిపించింది. ఆ రాత్రి వేళ్లకు నూనె రాసుకోలేదు.

శుక్రవారం నాలుగింటికల్లా గ్రౌండు చుట్టూ జనం. క్యాంపు వెనక ఇసుక నేలకు నీళ్లు చల్లి, స్కాఫోల్డింగ్ పైపులు పాతి నెట్టు కట్టారు. గీతలు జిప్సం పొడితో వేశారు. మెస్సు బల్లలన్నీ బయటికొచ్చాయి. భీమన్న బల్ల మీద నిలబడి ఎడమవైపు వాళ్లకు పాత జోడీ గురించి, కుడివైపు వాళ్లకు కొత్త జోడీ గురించి చెబుతున్నాడు. నెగ్గేది ఎవరైనా తన మాటే నెగ్గాలని అతని ఏర్పాటు.

మొదటి నాలుగు బంతులు భూమేశ్ సరిగ్గానే లేపాడు. చేతులకు అలవాటైన పని, అంత త్వరగా చెడదు. జితేందర్ నాలుగూ నేలకు దించాడు. ఐదో బంతి మీదికి వస్తుంటే భూమేశ్‌కి కత్తెర చప్పుడు గుర్తొచ్చింది. ఎడమ చెయ్యి రెప్పపాటు ముందు తీసేశాడు. బంతి జానెడు పక్కకు, నెట్టు మీదికి వాలింది. అప్పటికే గాల్లో ఉన్న జితేందర్ దాన్ని వెతుక్కుని కొట్టాడు. నెట్టుకు తగిలింది.

"పర్వాలే అన్నా," అన్నాడు జితేందర్. "నేనే ఆలస్యమైన."

తర్వాతిది కొంచెం తక్కువ ఎత్తు. ఆ తర్వాతది కొంచెం వెనక. ప్రతిసారీ జితేందరే ముందుగా చెయ్యెత్తి తప్పు తనదేనన్నాడు. మొదటి సెట్టు పదిహేను-ఏడు, రెండోది పదిహేను-తొమ్మిది. ఓడిపోయారు. భూమేశ్ తల వంచుకుని నిలబడ్డాడు, తిట్లు వస్తాయని, వస్తే దులుపుకుని ఊరికి వెళ్లొచ్చని. తిట్లు వచ్చాయి. అతనికి కాదు.

"అరే జితేందర్, భుజమేమన్న తాకట్టు పెట్టినవారా?"

"భూమేశ్ పాపం ఎన్ని లేపిండు! ఒక్కటి సక్కగ కొడితివా?"

"అందుకే అంటున్న," అని భీమన్న బల్ల దిగాడు. "పెద్దులు ఉంటె గిట్లయ్యేదా? భూమేశ్ పక్కకు పెద్దులు ఉండాల్సిండె. వీనితోని వానికి జోడీ కుదరలె."

ఇన్నాళ్లుగా లిఫ్టరై ఉండి కూడా, లిఫ్టర్‌ని ఎవరూ చూడరన్న ముక్క భూమేశ్‌కి తోచలేదు. చూసేవాళ్ల కళ్లు బంతి వెంట పోతాయి. బంతి షూటర్ దగ్గరికి పోతుంది.

ఆ సాయంత్రం మెస్సులో నీళ్ల కోసం వెళ్తే పోచన్న ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. ఉన్న మూడు వేళ్లతో కత్తి పట్టుకుని సన్నగా తరుగుతున్నాడు.

"ఎడమ చెయ్యి ఎందుకు తీసినవ్?" అన్నాడు తలెత్తకుండా.

భూమేశ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఛుట్టీ కోసం," అన్నాడు. "టీములకెల్లి తీసేస్తరనుకున్న."

"తీసేస్తరు. ఎవణ్ణి తీసేస్తరో అది మన చేతుల లేదు." పోచన్న తరిగిన ముక్కలను గిన్నెలోకి తోశాడు. "గింతమంది సూసిన్రు గద. ఒక్కడన్న చేతులు సూసిండా? నేను గూడ ఆడుడు బందైనంకనే సూసుడు నేర్చుకున్న."

"నువ్వు సాబ్‌కు జెప్తవా?"

"ఉల్లిగడ్డలు కోసెటోని మాట ఎవ్వలింటరు? నువ్వే చెప్పుకో."

భూమేశ్ చెప్పలేదు. శనివారం చెప్పలేదు. ఎవరికి వాళ్లు చల్లబడతారని, జితేందర్‌ని నాలుగు మాటలని వదిలేస్తారని అనుకున్నాడు. పిరికివాడికి ఎప్పుడూ ఇంకో రోజు దొరుకుతుంది. ఆదివారం సాయంత్రం మెస్సు తలుపు మీద కాగితం అంటించారు. వీసా క్యాన్సల్ చేసి పంపేవాళ్ల పేర్లు. పని తగ్గిందని మూడు నెలలకోసారి పెట్టే జాబితానే అది. అందులో ఎవరుండాలో జహీరుద్దీనే రాస్తాడు. ఐదో పేరు జితేందర్.

జితేందర్ ఏజెంటు చుట్టూ రెండేళ్లు తిరిగి వచ్చినవాడు. ఛుట్టీ అడగడు, ఊరి ముచ్చట ఎత్తడు. కాగితం ముందు కాసేపు నిలబడి, బంతి తీసుకుని నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లాడు. గోడకేసి కొట్టడం మొదలుపెట్టాడు. చీకటి పడేదాకా ఆ చప్పుడు రూముల్లోకి వినబడుతూనే ఉంది. వచ్చాక భుజానికి బామ్ రాయమని సీసా భూమేశ్ చేతికిచ్చాడు.

"భుజంల ఏదో ఇరికింది అన్నా. చెయ్యి మీదికి లేస్తలేదు. నీ లిఫ్టులన్ని పాడుచేసిన."

భూమేశ్ బామ్ రాశాడు. ఎంతసేపు రాశాడంటే జితేందర్ ఇంక చాలన్నాడు. తను పుట్టాక ఇంత సిగ్గుమాలిన పని చేయలేదనిపించింది భూమేశ్‌కి.

సోమవారం డ్యూటీ దిగి, బట్టలు కూడా మార్చకుండా ఆఫీసు గదికి వెళ్లాడు.

"సాబ్, మొన్న నేనే కావాలని లిఫ్టులు చెడగొట్టిన. జితేందర్ తప్పు లేదు. నన్ను టీములకెల్లి తీసి ఛుట్టీ ఇస్తరని చేసిన."

జహీరుద్దీన్ నవ్వాడు. కోపం కాదు, మెచ్చుకోలు.

"వాహ్! దోస్తు కోసం గింత అబద్ధమా? భీమన్న ఇనలె గాని ఇంటె నెల దినాలు చెప్పుకుంటడు."

"అబద్ధం కాదు సాబ్. ఎడమ చెయ్యి ముందుగాల తీసిన. పోచన్ననడుగుండ్రి."

"పోచన్న పాత జోడీకెల్లి ఇంక బయటికి రాలె. వాణ్ణేం అడుగుత?" టీ కప్పు అతని వైపు జరిపాడు. "బైఠో, కూసో. చాయ్ తాగు. నేను రెండు కండ్లతోని సూసిన, బాలు నెట్టుకు కొట్టింది వాడు."

నిజం చెప్పినా అది తన మంచితనం కింద జమ కావడం భూమేశ్ ఎన్నడూ ఎరగడు. టీ ముట్టుకోలేదు. ఇక చెప్పి లాభం లేదని అర్థమై, అడగాల్సింది అడిగాడు.

"మూడో స్థానం ఆట ఉన్నది గద శుక్రవారం. జితేందర్‌నే ఆడియ్యుండ్రి. వాడు కొడితె పేరు తీసెయ్యుండ్రి."

జహీరుద్దీన్ ఆలోచించాడు. అతనికి లాభం కనబడింది. "కాగితం శనివారం దాక ముదీర్ టేబుల్ మీదికి పోదు. సరే, కొడితె తీసేస్త. కాని జోడీ నిలవడితె రంజాన్ టోర్నమెంట్ ఆడాలె. ఇద్దరు. అది అయినంక నీ ఛుట్టీ నేనే స్వయంగ రాస్త. జబాన్ ఇస్తున్న."

రంజాన్ మార్చిలో. ఈ నెల ఇరవయ్యో తారీఖుకి ఇంకా రెండు వారాలు. జితేందర్ ఉండాలంటే సుమలత పక్కన తను ఉండకూడదు. బేరం అంత సాఫుగా ఉంది. భూమేశ్ బీరువా వంక చూశాడు, దాని తాళం వంక చూశాడు.

"సరే సాబ్," అన్నాడు.

గురువారం ఇద్దరికీ ఒకే స్లాబు మీద పని పడింది. ఎదురెదురుగా గొంతుక్కూర్చుని కడ్డీలు కడుతున్నారు. భూమేశ్ వైరు చుడుతూనే చెప్పాడు, కళ్లలోకి చూడకుండా. క్యాసెట్టు సంగతి, ఉపాయం సంగతి, ఎడమ చెయ్యి సంగతి.

జితేందర్ హుక్కు ఆగలేదు. రెండు ముడులు వేశాడు. మూడోది వేశాడు.

"ఎన్ని?" అన్నాడు.

"ఏంది?"

"ఎన్ని లిఫ్టులు గట్ల ఇచ్చినవ్?"

"ఐదో ఆరో."

"పదకొండు," అన్నాడు జితేందర్. "నేను లెక్కవెట్టిన. నాతోనే పాడైనయనుకొని, రాత్రి పండుకొని ఒక్కొక్కటి లెక్కవెట్టిన."

ఎండ వీపు మీద మండుతోంది. జితేందర్ ముందుకు జరిగి, కొత్త వైరు కట్ట విప్పాడు.

"రేపు సక్కగ లేపు," అన్నాడు. ఆ రోజంతా ఇంకో మాట మాట్లాడలేదు. రాత్రి భుజానికి బామ్ తనే రాసుకున్నాడు.

భూమేశ్ వేళ్లకు నూనె రాసుకున్నాడు.

శుక్రవారం గ్రౌండు దగ్గర వారం కిందటి జనంలో సగమే ఉన్నారు. మూడో స్థానం కోసం బల్లలు మోసుకొచ్చే ఓపిక ఎవరికుంటుంది? కానీ మొదటి సెట్టు సగంలోనే మెస్సు ఖాళీ అయింది. ఒకడు పరుగెత్తి ఇంకొకణ్ణి పిలిచాడు. భూమేశ్ తన జన్మలో అలా ఆడలేదు. వంకరగా వచ్చిన బంతిని కూడా కిందికి దూరి, మోకాళ్లు ఇసుకలో ఆనించి, పది వేళ్ల మీదికి తీసుకుని పైకి వదిలాడు. అది నెట్టుకు మూరెడు దూరంలో, జితేందర్ అరచెయ్యి వచ్చే చోటికి వచ్చి ఉండేది. జితేందర్ కొట్టాడు. కోపం ఉన్నవాడు కొట్టినట్టు కొట్టాడు. ప్రతి దెబ్బకీ అవతలి వాళ్లు చేతులు దులుపుకున్నారు. ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు, ఒక్క చూపు లేదు. బంతి మాత్రం ఒకరి చేతినుంచి ఒకరి చేతికి తప్పకుండా పోయింది.

పదిహేను-నాలుగు. పదిహేను-రెండు.

భీమన్న బల్ల లేకుండానే అరిచాడు. "ఇనుండ్రి. ఇగ పాత జోడీ ముచ్చట బందు. పెద్దులు మీద ఒట్టు, గిసొంటిది నేను సూడలె. గీ జోడీని విడదీస్తె పాపం తగులుతది."

జనం అవునంటే అవునన్నారు. ఇన్ని వారాల తగాదా అక్కడితో తేలిపోయింది. జహీరుద్దీన్ జేబులోంచి కాగితం తీసి, అందరి ముందే ఐదో పేరు కొట్టేసి, భూమేశ్ వీపు తట్టాడు. "సూసినవా, వాని భుజానికేం కాలె," అన్నాడు. "రంజాన్ కప్పు మనదే."

జితేందర్ బంతిని చంకలో పెట్టుకుని నల్లాల దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్తూ భూమేశ్ పక్కన ఒక్క క్షణం నిలబడ్డాడు. "వదినెకు ఫోన్ చెయ్యి," అని ముందుకు నడిచాడు.

రోడ్డు పక్క దుకాణాల దగ్గర ఫోన్ డబ్బా ఉంది. ఊళ్లో ఎస్టీడీ బూతువాడికి ఒకసారి చేసి, సుమలతను పిలవమని చెప్పి, పావుగంట ఆగి మళ్లీ చేయాలి. ఆ పావుగంటలో ఏం చెప్పాలో భూమేశ్ నాలుగు రకాలుగా కూర్చుకున్నాడు. రాలేనని ముందు చెప్పాలా, ఎందుకో ముందు చెప్పాలా? మీ తమ్ముడిని పిలిపించుకుని సంతకం పెట్టించుకో, భయపడకు అనాలి. మళ్లీ చేశాడు. ఎత్తింది సుమలత కాదు, పక్కింటి శాంతవ్వ.

"సుమలత ఏది అవ్వా?"

"పండుకున్నది బిడ్డా. నడిచొచ్చుడు కాదు ఆమెతోని. ఆపరేషన్ అయ్యి పదొద్దులాయె."

భూమేశ్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక వేళ్ల మీద రోజులు వెనక్కి లెక్కపెట్టుకున్నాడు. మంగళవారం. క్యాసెట్టు విన్న మర్నాడే. తను బుధవారం ఆఫీసు గదిలో బతిమాలుకునేటప్పటికే, శుక్రవారం ఎడమ చెయ్యి తీసేసేటప్పటికే, అయిపోయింది.

"ఇరవై దాక ఆగుతదంటిరి గద?"

"యాడ ఆగుతది? సోమవారం రాత్రి కండ్లు తిరిగి వడ్డది. తెల్లారి నేనే జీపుల ఏసుకొని పోయిన."

"మరి సంతకం?"

"నేనే ఏలుముద్ర ఏసిన. వాళ్లాయన మస్కట్ల ఉన్నడమ్మా అన్న. గీ ఊర్లకెల్లి వచ్చెటోళ్లందరు గట్లనే అంటరని డాక్టరమ్మ నోటికి బట్ట కట్టుకొని ఆపరేషనుకు లోపటికి పోయింది."

"నాకు ఫోన్ ఎందుకు చెయ్యలె అవ్వా? క్యాంపు నంబరున్నది గద?"

"చేద్దమంటె సుమలతనే వద్దన్నది. చెప్తె ఏం జేస్తడు అవ్వా, వాళ్లు పంపరు, ఆయన రాడు, ఊకె అన్నం తినకుంట కూసుంటడు అన్నది."

బతికి ఉంది. ఆ మాట చాలు, చాలాలి. భూమేశ్ ఫోన్ డబ్బా గోడకు నుదురు ఆనించి, బతికి ఉంది అని రెండుసార్లు లోపల అనుకున్నాడు. గుండె బరువు దిగింది. దిగిన చోట ఇంకేదో మొదలైంది. తను లేకుండా బల్ల మీద పడుకోవాలంటే భయమన్న మనిషి పడుకుంది. తను లేకుండానే లేచింది. అక్కడ అతని కోసం ఆగిన పని ఒక్కటి కూడా లేదు. అతను లేకపోతే ఆగిపోయేది, ఈ లోకం మొత్తం మీద, అల్ హైల్ క్యాంపు వాలీబాల్ టీమే.

"ఇంటున్నవా బిడ్డా? సుమలతకు ఏమన్న జెప్పాల్నా?"

పావుగంట కూర్చుకున్నవన్నీ ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

"గెలిచినమని చెప్పు అవ్వా."

"మంచిదే. మరి ఇంటికి పంపుతున్నరా?"

"లేదు," అన్నాడు భూమేశ్. "గెలిచినం గద. పంపరు."